చెవి కోసిన ఎద్దు

నా ఉద్యోగకాలంలో నేను రాసిన అర్జీలన్నీ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. నకళ్ళు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. ఇది మాత్రం మా ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే ఇది మా అన్న సంగతి. అన్న బజారులో తమిళం మాట్లాడేవాడు, మిల్లులో తమిళం మాట్లాడేవాడు. కోపం వచ్చినా నవ్వు వచ్చినా తెలుగులోకి వచ్చేసేవాడు. నాకు ఈ అక్షరాలు నేర్పింది మా వీధి చివర చర్చిలో పాటలు పాడించే ముసలాయన. నేర్చుకున్నందుకు ఇన్నాళ్ళకు వాటితో పని పడింది.

కోయంబత్తూరు నుంచి అవినాశి పోయే రోడ్డు మీద ఒక ఊళ్ళో పశువుల ఆస్పత్రి ఉండేది. జనం మాట్టాస్పత్రి అనేవారు. పెంకుల కప్పు, ముందు పశువును నిలబెట్టి బిగించే కొయ్యల చట్రం, లోపల రెండు గదులు. అందులో నేను కంపౌండరును. డాక్టరు గారు చీటీ రాసి సంతకం పెట్టేవారు. మిగిలిందంతా నా పని. కడుపుబ్బరానికి అవిసె నూనెలో టర్పెంటైను కలిపేవాణ్ణి. దాన్ని వెదురు గొట్టంలో పోసి, పశువు నాలుక పక్కకు లాగి, ఊపిరితిత్తుల్లోకి పోకుండా కొంచెం కొంచెంగా తాగించేవాణ్ణి. పుండ్లలో పురుగులు ఏరేవాణ్ణి. కాలు విరిగిన దూడకు వెదురు దబ్బలు కట్టేవాణ్ణి. సిరంజీలు మరగబెట్టి, టీకా మందును మంచుగడ్డల మధ్య ఫ్లాస్కులో పెట్టుకుని సైకిలు మీద ఊళ్ళు తిరిగేవాణ్ణి. కోడెను నేలమీద పడవేయాలంటే తాడు ఎక్కడ వేయాలో నాకు తెలుసు, డాక్టరు గారికి తెలియదు. ఆయన నాలుగడుగుల దూరంలో నిలబడి "చూచుకోప్పా" అనేవారు. పశువు నడక చూసి ఏ గిట్టలో ముల్లు ఉందో దూరం నుంచే చెప్పగలిగేవాణ్ణి. ఆ మాట ఏ ఫైలులోనూ లేదు.

అవమానాలు నేను మరిచిపోను. మరిచిపోవడం మంచి గుణమని చాలామంది నాకు చెప్పారు. చెప్పినవాళ్ళంతా అవమానించిన వైపు వాళ్ళే. ఆస్పత్రిలో రెండు కుర్చీలుండేవి. ఒకటి డాక్టరు గారిది, రెండోది వచ్చే పెద్దమనుషులది. నేను పదకొండేళ్ళు మందుల పెట్టె మీద కూర్చున్నాను. ఈనలేక అల్లాడే ఆవు కడుపులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడను సరిచేసి బయటికి తీసిన రోజు కూడా, రైతు ఇంట్లో నా చేతుల మీద నీళ్ళు పైనుంచి పోశారు. చెంబు నన్ను తాకనివ్వలేదు. నా చేతుల్లోంచి వచ్చిన దూడను మాత్రం తుడిచి లోపలికి తీసుకుపోయారు.

ఆ రైతులూ తెలుగువాళ్ళే. ఎన్నో తరాల కిందట ఉత్తరాన్నుంచి వచ్చినవాళ్ళు. మావాళ్ళూ వాళ్ళ బండ్ల వెనకే నడిచి వచ్చారని మా ముసలివాళ్ళు చెప్పేవారు. చుట్టూ తమిళం మధ్య మేమిద్దరమే ఆ భాష మాట్లాడేవాళ్ళం. నీళ్ళు అనే మాట వాళ్ళూ మేమూ ఒకేలా పలుకుతాం. తాగే గిన్నెలు వేరు. రేగడి భూములు వాళ్ళవి, ఆ భూముల్లో చచ్చిన పశువులు మావి.

మా కుటుంబం ఒక రైతు ఇంటికి కట్టుబడి ఉండేది. ఆ ఇంట్లో ఏ పశువు చచ్చినా తీసుకుపోవలసింది మేమే. మాంసం మా వీధికి, తోలు మాకు. బదులుగా ఆ ఇంటివాళ్ళకు చెప్పులు కుట్టాలి, బావిలోంచి నీళ్ళు తోడే తోలు మోట కుట్టాలి. నాయన పోయాక ఆ కట్టుబాటు అన్న మీద పడింది. అన్న అప్పటికే మిల్లులో చేరాడు. నూలు వడికే మిషన్ల దగ్గరికి మావాళ్ళను రానిచ్చేవారు కాదు. దూది దుమ్ము ఊడ్చే పని ఇచ్చారు. మిల్లు కూతను మేం సంగు అంటాం. తెల్లవారి సంగుకు లోపలికి పోయి మధ్యాహ్నం సంగుకు ఒళ్ళంతా తెల్లటి నూగుతో బయటికి వచ్చేవాడు. ఆ చీపురుతోనే నన్ను హైస్కూలు దాకా చదివించాడు, కంపౌండరు శిక్షణకు పంపాడు. "మన ఇంట్లో ఒకడైనా బతికుండే గొడ్డును ముట్టుకోవాలరా" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

చచ్చిన పశువును అప్పగించడానికి ఆ చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్ళలో ఒక పద్ధతి ఉండేది. పశువు చచ్చిన ఇల్లు చావు ఇల్లే. దాన్ని తీసుకుపోయేదాకా పొయ్యి వెలిగించరు, వాకిట్లోకి రారు, మావాళ్ళతో ఒక్క మాట మాట్లాడరు. ఇంటి పెద్ద కొడవలితో పశువు చెవి అంచున ఒక గాటు పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. ఆ గాటే మాట. చెవి కోసి ఉంటే తీసుకుపోవచ్చు. కోసి లేకపోతే కుళ్ళిపోతున్నా ముట్టుకోకూడదు. అడగకూడదు, తలుపు తట్టకూడదు. తర్వాత నేను మదురై వైపు పనిచేసినప్పుడు అక్కడి తెలుగువాళ్ళను అడిగాను. ఎవరికీ ఈ పద్ధతి తెలియదు.

నాకు చిన్నప్పటినుంచి తెలుసు. తెలుసని ముందే చెబుతున్నాను, దాచానని తర్వాత ఎవరూ అనకుండా.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం ఆ ఇంటి నుంచి ఆస్పత్రికి కబురు వచ్చింది. మోటకు కట్టే జతలో ఒక ఎద్దు, ముందురోజు బాగానే మేసింది, తెల్లారేసరికి చచ్చిపడి ఉంది. డాక్టరు గారు తాను వెనక వస్తానని చెప్పి నన్ను పంపారు. వెళ్ళి చూస్తే కడుపు అప్పటికే డోలులా ఉబ్బి ఉంది. కాళ్ళు బిగుసుకోలేదు. ముక్కులోంచీ వెనకనుంచీ నెత్తురు కారుతోంది, తారులా నల్లగా, గడ్డకట్టకుండా. ఇది కనబడితే కత్తి కింద పెట్టండి అని శిక్షణలో మాకు చెప్పారు. దొమ్మ రోగం. మావైపు అడప్పాను అంటారు. ఆ పశువును కోస్తే రోగం మట్టిలో దిగి ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది. కోసినవాడి ఒంటి మీద చిన్న గీత ఉన్నా చాలు, అందులోంచి దూరుతుంది. కోయకుండా, ఈడ్వకుండా, ఆరడుగుల గోతిలో సున్నం పోసి పూడ్చాలి.

అయితే రోగం అదేనని తేల్చడానికి ఒక చుక్క నెత్తురు కావాలి. ఆ చుక్కను చెవి అంచునుంచి తీయాలి. పశువును తెరవకుండా నెత్తురు దొరికే చోటు అది. మాకు నేర్పిందీ, పుస్తకంలో ఉన్నదీ అదే. నేను చెవి అంచున గాటు పెట్టాను. గాజు పలక మీద నెత్తురు పూసి ఆరబెట్టాను. గాటు మీద మందులో తడిపిన దూది అద్ది, కత్తిని మంటలో కాల్చాను. ఆ పనిలో ఇవాళ్టికీ ఎవరూ తప్పు చూపించలేరు.

ఇంటాయన అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. సర్కారు పని మీద వచ్చినవాడితో మాట్లాడటానికి పద్ధతి అడ్డు రాదు. అరవై దాటినవాడు, పొడుగు మనిషి.

"ఏమిరా కంపౌండరూ, ఏమంటాది నీ సర్కారు?" అన్నాడు.

"అడప్పాను మాదిరి ఉండాదయ్యా. కొయ్యకూడదు. సున్నం పోసి పాతిపెట్టల్ల."

"అయ్యా అంటాండావు. మీ నాయన సామీ అనేవాడు."

"అనేవాడు."

"మాదిరి అంటావు. అదేనా, కాదా?"

"గాజు పలక పట్నానికి పంపాల. రిపోర్టు వస్తే డాక్టరు రాస్తాడు."

"అంటే నీకు తెలీదు."

"నాకు తెలుసు. కాగితంలో చెప్పేది ఆయన."

ఆయన ఎద్దు వంక చూశాడు. "మోట తోలు చినిగి పదినాళ్ళాయ. పత్తి మాడిపోతాండాది. తోలు దొరికితే కుట్టిస్తానని మీ అన్న చెప్పినాడు. ఇంత ఎద్దును మట్టికిచ్చేదా?"

"ఇయ్యాల్సిందే. ఆ తోలుతో తోడిన నీళ్ళు మీ మిగతా గొడ్లే గదా తాగేది."

ఆయన "సరి" అన్నాడు. సరి అంటే పాతిపెడతాననా, విన్నాననా, ఇక పొమ్మనా అని నేను అడగలేదు.

గొయ్యి తవ్వి, ఎద్దు మీద మట్టి పడేదాకా అక్కడే ఉందామనుకున్నాను. అప్పుడే ఆస్పత్రి ప్యూను సైకిలు మీద వచ్చాడు. మిల్లు మేనేజరు బంగళాలో కుక్కకు ఒంట్లో బాగాలేదట. డాక్టరు గారు నేరుగా అక్కడికి వెళ్ళారట. నేను ఎనిమా డబ్బా తీసుకుని వెంటనే రావాలట.

"ఈడ అడప్పాను గొడ్డు ఉండాది, వదిలి రాలేనని చెప్పు" అన్నాను.

"నాతో చెప్పొద్దన్నా. రాకపోతే మెమో అని చెప్పినాడు."

మెమోలు అప్పటికే నాకు రెండు ఉన్నాయి, రెండూ అన్యాయమైనవే. మూడోది వస్తే కథ వేరేగా ఉంటుంది. ఇంటాయనకు మళ్ళీ ఒకసారి చెబుదామని తిరిగాను. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మూసి ఉంది. "సున్నం తీసుకుని నేను సాయంత్రానికి వస్తా, ఎవురినీ ముట్టనియ్యొద్దండి" అని ఆ తలుపుతో గట్టిగా చెప్పాను.

మిల్లు గేటు దగ్గర ఆగి అన్నకు కబురు పెట్టి ఉండవచ్చు. దారి కొంచెం చుట్టు. అన్న షిఫ్టులో ఉన్నాడు కదా, ఎద్దు సంగతి తనకు తెలియదు కదా అనుకున్నాను. నేను బంగళాకే వెళ్ళాను.

ఆ కుక్క ఎక్కువ మాంసం తిని కడుపు బిగించుకుంది. దానికి చాప పరిచి ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది. నన్ను మొదట మెట్ల మీదే నిలబడమన్నారు. కుక్కను పట్టుకునేవాడు కావలసివచ్చినప్పుడు లోపలికి పిలిచారు. మధ్యాహ్నం సంగు నేను ఆ బంగళాలో దాన్ని పట్టుకుని ఉండగా వినబడింది.

సున్నపు బట్టీ దగ్గర గంప నింపించుకుని, సైకిలు వెనక కట్టుకుని నేను ఆ ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎద్దు లేదు. గొయ్యి లేదు. దుమ్ములో బండి చక్రాల జాడ ఉంది. లోపల పొయ్యి వెలిగిన పొగ వస్తోంది. అక్కడినుంచి మా వీధికి ఎలా వచ్చానో తెలియదు.

వీధి చివర ఖాళీ స్థలంలో ఎద్దు అప్పటికే వాటాలు పడిపోయింది. మూడు పొయ్యిల మీద కుండలున్నాయి. అన్న ఒలిచిన తోలుకు ఉప్పు పూసి, మడిచి, మెడ మీదుగా భుజానికి వేసుకుని సున్నపు తొట్టి వైపు నడుస్తున్నాడు.

"అన్నా, దించు దాన్ని."

"ఏమిరా?"

"దించమంటిని గదా. అది అడప్పాను గొడ్డు."

"ఎవురు చెప్పిరి? గొడ్డు పడిందని వీధిలో అనుకుంటా ఉంటే పోతిని. చెవి కోసి ఉండె."

"చెవి నేను కోస్తిని."

అన్న నవ్వాడు. "నువ్వా? ఎప్పటినుంచిరా నువ్వు ఆ ఇంటి పెద్దవైతివి?"

నెత్తురు చుక్క సంగతి చెప్పాను. గాజు పలక సంగతి చెప్పాను. చెబుతుంటే ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది గానీ తోలు దించలేదు, తోలు ఉన్నట్టే మర్చిపోయాడు. నేనే లాగి కింద పడేశాను. తర్వాత వెళ్ళి పొయ్యిల మీది కుండలు ఒక్కొక్కటీ కాలితో తన్నేశాను. ఆడవాళ్ళు అరిచారు. ఒక ముసలామె నా చొక్కా పట్టుకుంది.

"బంగళా కుక్కకు కడుపు కడిగి వస్తివంట. అది ఏం తినిందని అడిగితివా? మా బిడ్డలు తినేది మాత్రం నీ కంట్లో పడె" అంది.

జనం నా మీదికి వచ్చేవారే. అన్న మధ్యలో నిలబడ్డాడు. "తమ్ముడు చదువుకున్నోడు. చెప్తే చెప్పినాడు. ఎత్తండి అంతా" అన్నాడు. పార తీసుకుని తనే గొయ్యి తవ్వాడు. మాంసం, తోలు, పేగులు, నెత్తురు తడిసిన మట్టి, అన్నీ తన చేతులతోనే లోపల వేశాడు. నేను సున్నం పోశాను. పొయ్యిల మీద నీళ్ళు మరిగించి, నా సంచిలోని పర్మాంగనేటు కలిపి అందరి చేతులూ కడిగించాను. ఆ వీధిలో ఆ మాంసం ఎవరి కడుపులోకీ పోలేదు. ఇదీ ఏ ఫైలులోనూ లేదు.

నాలుగో రోజు వదిన ఆస్పత్రికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి.

"అబ్బయ్యా, మీ అన్న మెడ మీద ఏదో లేచె. రెండు దినాలుగా తువాలు చుట్టుకుని మిల్లుకు పోతాండాడు. చూపించమంటే దోమంటాడు."

ఇంటికి వెళ్ళి తువాలు లాగి చూశాను. మెడకు ఎడమవైపు, తోలు మోసిన చోట, రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ చిన్న చిన్న నీటి పొక్కులు, మధ్యలో బొగ్గు లాగా నలుపు. చుట్టుపక్కల మెత్తగా వాచి ఉంది.

"నొప్పి లేదురా" అన్నాడు అన్న. "చూడు, గిల్లినా తెలీలే."

ఆ రోగంలో ఉన్న మోసం అది. నొప్పి ఉండి ఉంటే మొదటి రోజే వచ్చేవాడు.

ఆ మధ్యాహ్నమే బస్సులో కోయంబత్తూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయాను. వరసలో నిలబడితే మా వంతు వచ్చింది. అక్కడి డాక్టరు మెడ వంక చూసి, "వేడి కురుపు. మిల్లు మనుషులకు వస్తూనే ఉంటాయి" అన్నాడు తమిళంలో.

"సార్, ఇది అడప్పాను. అడప్పాను ఎద్దును ఒలిచాడు. పెన్సిలిన్ వేయాలి" అన్నాను.

"రిపోర్టు ఉందా?"

"పలక పంపాం సార్. ఇంకా రాలేదు."

"నువ్వు ఏం పని చేస్తావు?"

"పశువుల ఆస్పత్రిలో కంపౌండరును."

ఆయన పక్కనున్న నర్సు వంక తిరిగి, "గొడ్లకు మందు పోసేవాడు మనకు వైద్యం చెబుతున్నాడు" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఒక చిన్న కాగితంలో పట్టు మందు పెట్టి ఇచ్చారు.

తిరిగి వచ్చి మా డాక్టరు గారిని అడిగాను. పెద్దాస్పత్రికి ఒక్క ఉత్తరం రాసివ్వండి, ఎద్దుకు ఉన్న గుర్తులు రాయండి చాలు అని. "ఎన్నప్పా, రిపోర్టు రాకముందే అడప్పాను అని నేనెలా రాస్తాను? కాదని తేలితే నా పేరేం కావాలి? పైగా మనుషులు మన డిపార్టుమెంటు కాదు" అన్నారు.

మా బీరువాలో పెన్సిలిన్ సీసాలున్నాయి. తాళాలు నా నడుముకే ఉండేవి. పశువుల మందు మనిషికి వేస్తే ఉద్యోగం పోతుంది, ఏదన్నా అయితే జైలు. ఆ సాయంత్రం బీరువా ముందు నిలబడ్డాను. మర్నాడు మళ్ళీ పెద్దాస్పత్రికి పోదాం, వేరే డాక్టరు ఉంటాడు, వాపు చూస్తే వాళ్ళకే తెలుస్తుంది అనుకుని తాళం వేసి వచ్చేశాను. ఈ కథలో అందరి తప్పులూ నేను వేర్వేరుగా రాసుకున్నాను. ఆ ఒక్క రాత్రిని ఎవరి పేరు కింద రాయాలో నాకు తెలుసు.

తెల్లారేసరికి వాపు గడ్డం నుంచి రొమ్ము దాకా దిగింది. మెడ అనేది లేదు. అప్పుడు బీరువా తెరిచి, సిరంజి మరగబెట్టి, ఎన్నో వందల పశువులకు వేసిన చేత్తో అన్నకు సూది వేశాను. ఆ తర్వాత బస్సులో తీసుకుపోయాను. ఈసారి పెద్దాస్పత్రిలో వేరే డాక్టరు చూసి, నన్నేమీ అడగకుండా వరండాలో ఒక మంచం ఇప్పించాడు. సూదులు వేస్తూనే ఉన్నారు. ఆలస్యమైందని నాతో చెప్పిన మొదటి మనిషి ఆయనే. మర్యాదగానే చెప్పాడు.

ఆ మంచం మీద అన్న రెండు రోజులున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం మాట స్పష్టంగా రాలేదు గానీ నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ గాటు సన్నంగా ఉండెరా" అన్నాడు. "కొడవలి గాటు కాదది. దూది తునక కూడా అంటుకుని ఉండె. చూసినా."

"చూసీ యాల తీసుకొస్తివి?"

"తలుపు మూసి ఉండె. మూసిన తలుపు తట్టి అడిగేదానికి లేదు గదా." కాసేపు ఊపిరి కూడదీసుకుని, "నాయనైతే అడిగేవాడంటావా?" అన్నాడు.

అడిగేవాడు కాదు. ఆ మాటే చెప్పాను. అన్నకు అది చాలినట్టుంది. పట్నం మిల్లుల సాయంత్రం సంగు అక్కడికి వినబడుతుంది. దానికి కొంచెం ముందు పోయాడు.

రిపోర్టు తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. అడప్పానే. డాక్టరు గారు దాన్ని నాకు చూపించకుండా ఫైలులో పెట్టారు. నేను ఊడ్చే నెపంతో చదివాను. దాని వెంట ఒక మెమో వచ్చింది. రెండు నేరాలు. ఒకటి, పశువును పూడ్చే విషయంలో కంపౌండరు యజమానికి తగిన సూచనలు ఇవ్వలేదు. రెండు, సర్కారు మందును మనిషికి వాడాడు. రెండోది నిజం, ఒప్పుకున్నాను. మొదటిదానికి ఆ ఇంటాయన వేలిముద్ర ఉన్న వాంగ్మూలం జతచేశారు. పాతిపెట్టమని తనకు ఎవరూ చెప్పలేదని అందులో ఉంది. బంగళా కుక్క సంగతి ఎక్కడా లేదు.

నేను ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లోనే నిలబడ్డాను.

"సరి అంటిరి గదయ్యా."

"అంటిని" అన్నాడు ఆయన. దాచలేదు. "మర్నాడు డాక్టరు వచ్చి కాగితంలో ముద్ర వెయ్యమనె, వేస్తిని. దాంట్లో ఏముండాదో నాకేం తెలుసు?"

"మా అన్న బండి తెస్తే చూస్తా ఉంటిరా?"

"కిటికీలో చూస్తిని."

"చూసి ఊరకుంటిరి."

"చెవి నేను కొయ్యలేదురా. నువ్వు కోస్తివి. కోసి పోతివి. మధ్యాహ్నానికి మీ అన్న బండి తోలుకుని వచ్చె. సర్కారుకు ఒక మాట చెప్పి, మీ ఇంట్లో మీరు ఒక మాట అనుకుంటిరేమో అనుకుంటి. నీ అన్నకు నువ్వే ఇచ్చుకుంటివని అనుకుంటి."

"తలుపు తీసి ఒక్క మాట అడిగితే?"

"చావింట్లో తలుపు తీస్తారా? మీ నాయన ఉంటే నిన్ను ఈ మాట అననిచ్చునా?"

ఆయన అబద్ధం చెబుతున్నాడని రుజువు చేయడానికి నేను చాలా ఏళ్ళు ప్రయత్నించాను. అర్జీల్లో మూడు వంతులు ఆయన మీదే. తోలు కావాలనే ఊరుకున్నాడని ఇప్పటికీ నమ్ముతాను. అయినా ఆయన చెప్పినట్టు నిజంగా అనుకుని ఉండటానికి వీలు లేదని చెప్పలేను, ఎందుకంటే సన్నటి గాటని చూసి కూడా అన్న ఆ చెవినే మాటగా తీసుకున్నాడు. నేను వెనక్కి తిరుగుతుంటే ఆయన మామూలు గొంతుతో, "ఇంక మోట ఎవురు కుట్టేదిరా?" అని అడిగాడు. నన్ను ఏడిపించాలని కాదు. ఆయనకు అది నిజంగానే తెలియలేదు.

వదిన నాతో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, నిందించలేదు. చెవి కోసింది ఎవరో వీధిలో అందరికీ తెలుసు. నేను వెళితే చాప వేసేది, తను లోపల ఉండిపోయేది. మిల్లువాళ్ళు అన్న చీపురును ఆమె చేతికి ఇచ్చారు.

వానలు పడ్డాక ఆ ఇంట్లో ఒక పాడి గేదె చచ్చింది. కట్టుబాటు ప్రకారం కబురు వదినకే పోయింది. మగవాళ్ళు లేరు కదా అని ఎవరూ అనుకోలేదు. కట్టుబాటు ఇంటిది, మనిషిది కాదు. ఆ సంగతి నాకు తెలియదు. తర్వాత ఆ ఇంటి పాలేరు ఆస్పత్రికి పరుగెత్తుకుని వచ్చి, "కంపౌండరూ, మీ వదినను వచ్చి లేపుకుని పో, పొద్దుననుంచి గేదె పక్కన కూర్చుని లేవటం లేదు" అన్నాడు.

వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. గేదె కొట్టం బయట పడి ఉంది. చెవికి కొడవలి గాటు వెడల్పుగా ఉంది. తలుపులు మూసి ఉన్నాయి. వదిన పక్కన తాడు పెట్టుకుని ఎండలో కూర్చుని ఉంది. లోపల పొయ్యి వెలగలేదు. చిన్నపిల్లలు ఆకలికి ఏడుస్తున్న చప్పుడు వస్తోంది. ఆమె పొద్దున వచ్చి చెవి చూసి, నేరుగా వెళ్ళి ఆ తలుపు తట్టిందట. ఆ ఊళ్ళో అంతకుముందు అలా ఎవరూ తట్టలేదు. ఏ రోగంతో చచ్చిందో నోటితో చెప్పమందట. ఎవరూ పలకలేదు. కాబట్టి కూర్చుంది.

నన్ను చూసి పక్కకు జరగలేదు. నేను కూడా లేవమనలేదు. కాసేపటికి మళ్ళీ లేచి వెళ్ళి, అరచేత్తో తలుపు మీద మూడుసార్లు కొట్టింది.

"సామీ, చెవి చూస్తిని. అది చాలదు. నోరు తెరిచి చెప్పండి. చెప్పేదాకా గొడ్డు ఈడే ఉంటాది, నేనూ ఈడే ఉంటా."

చాలాసేపటికి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. ముసలి ఆడగొంతు, ఇంటాయన భార్యది, "పాము కరిచె. నిన్న మేతకు పోయి వస్తా ఉంటే" అంది. రెక్క మూసుకుంది.

వదిన నా వంక తిరిగింది. అన్న పోయాక ఆమె నా ముఖం చూడటం అదే మొదటిసారి.

"చూడు" అంది.

చూశాను. కాళ్ళు బిగుసుకున్నాయి. ముక్కులో నెత్తురు లేదు. ముందుకాలి గిట్టకు పైన వాపు, వాపులో రెండు గాట్లు. అయినా చాలాసేపు చూశాను. నా జీవితంలో ఏ పశువునూ అంతసేపు చూడలేదు. చుట్టూ మూడుసార్లు తిరిగి చూసి, "పామే వదినా. ఇది అడప్పాను కాదు" అన్నాను.

ఆమె తల ఊపింది. వంగి తాడు తీసుకుంది. గేదె కాళ్ళకు కడుతుందనుకుని నేను పట్టడానికి ముందుకు వెళ్ళాను. ఆమె తాడును చుట్టలా చుట్టి చంకన పెట్టుకుంది. "మీ గొడ్డు, మీరే పాతుకోండి" అని తలుపుతో చెప్పి, సాయంత్రం షిఫ్టు సంగుకు ఇంకా టైము ఉందేమో అన్నట్టు మిల్లు పొగగొట్టం వంక ఒకసారి చూసి, రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయింది.

కంపౌండరు తన బంధువులతో కలిసి రైతుల పనికి అడ్డుపడ్డాడని ఇంకో మెమో వచ్చింది. ఆ నెలాఖరుకు నన్ను మదురై అవతల తిరుమంగళానికి మార్చారు. ఆ మెమోకు మాత్రం నేను జవాబు రాయలేదు.